ప్రొడక్ట్ మేనేజర్‌గా నెగ్గాలంటే ఏం రావాలి: సపోర్ట్ సీట్లో ఉన్నవాళ్లకి ఒక వివరమైన సమాధానం

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. ఇంజనీరింగ్ అయ్యాక విజయవాడలో షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో చేరారు. నాలుగేళ్లుగా సపోర్ట్‌లోనే ఉన్నారు. రోజూ గుంటూరు నుంచి రైల్లో వచ్చి పోతున్నారు. ప్రొడక్ట్ మేనేజర్ అవ్వాలని ఉంది. దానికి ఏ నైపుణ్యాలు కావాలి, లక్షన్నర ఫీజు ఉన్న ఆన్‌లైన్ కోర్సులో చేరాలా, ఎంబీఏ చేయాలా, కోడింగ్ రాకపోతే ఎలా, ఇంగ్లీషు తడబడేవాళ్లకి ఈ ఉద్యోగం ఇస్తారా, ఇక్కడ ఉండి కుదురుతుందా లేక బెంగళూరు పోవాల్సిందేనా అని అడిగారు.

నేను ఇదే పని బెంగళూరులో, హైదరాబాద్‌లో చేసి, ఇప్పుడు విజయవాడ నుంచి చేస్తున్నాను. ఈ ఉద్యోగానికి మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి తీసుకున్నాను కూడా. నేను చూసినంతవరకు, ఇందులో నిలబడేవాళ్లని మిగతావాళ్ల నుంచి వేరు చేసేది ఒకటే. మనిషి నోటితో అడిగినదాని వెనక అతనికి అసలు ఇబ్బంది ఎక్కడ ఉందో పట్టుకోగలగాలి, పట్టుకున్నాక దాని కోసం నిలబడాలి. మిగతావన్నీ ఎవరైనా ఎప్పుడైనా నేర్చుకోగలిగినవే, వాటిలో చాలావరకు డబ్బు ఖర్చు లేకుండా వస్తాయి. ఇది చెప్పి ఊరుకుంటే ఉపన్యాసం అవుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఒప్పుకున్న పని ఒప్పుకున్న తేదీకి, ఒప్పుకున్న ఖర్చులో అయ్యేలా చూసేవాళ్లు. అసలు ఏ పని ఒప్పుకోవాలి, ఎవరి కోసం, ఎందుకు, ఏది ముందు, ఏది వెనక అని తేల్చేవాళ్లు ప్రొడక్ట్ మేనేజర్. ప్రొడక్ట్ ఓనర్ అన్నది స్క్రమ్ (పనిని చిన్న చిన్న విడతలుగా చేసే టీమ్ పద్ధతి)లో ఒక పాత్ర. చాలా కంపెనీల్లో ప్రొడక్ట్ మేనేజరే ఆ పనీ చూసుకుంటారు. బిజినెస్ అనలిస్టులు ఎక్కువగా సర్వీసు కంపెనీల్లో, అంటే వేరేవాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కంపెనీల్లో ఉంటారు. క్లయింట్ కోరింది స్పష్టంగా రాసి డెవలపర్లకి అందిస్తారు. అసలు ఆ కోరికే తప్పు అని చెప్పే చోటు వాళ్లకి అరుదుగా దొరుకుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో ఈ నాలుగు పేర్లూ ఇష్టం వచ్చినట్టు వాడతారు. పేరు చూసి మోసపోకుండా కింద రాసిన పని చదవండి.

ఈ ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కూడా కాదు. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో కామే సబ్బు ప్రకటనలు చూసుకునే నీల్ మెకెల్రాయ్ అనే యువకుడు పైవాళ్లకి మూడు పేజీల నోట్ రాశాడు. ఒక్కో బ్రాండ్ బాగోగులు మొత్తం నెత్తిన వేసుకునే మనిషి ఉండాలన్నది దాని సారాంశం. ఆ మనిషి చేయాల్సిన పనుల్లో మొదట రాసింది ఏమిటో చూడండి. సరుకు ఎక్కడ బాగా పోతోందో, ఎక్కడ పోవడం లేదో ప్రాంతాలవారీగా లెక్క తీయాలి. పోని చోటికి స్వయంగా వెళ్లాలి. అక్కడి డీలర్లతో, కొనేవాళ్లతో మాట్లాడి కారణం కనుక్కోవాలి. ఆ తర్వాతే ప్రణాళిక. మెకెల్రాయ్ తర్వాత ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు, 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు. సబ్బు స్థానంలో యాప్ వచ్చింది గానీ పని వరస మారలేదు.

ఇక స్వయంగా వెళ్లడం అంటే ఏమిటో మన ఊరి నుంచే చెబుతాను. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకదాని మీద నేను పనిచేశాను. కొట్ల నుంచి పదేపదే ఒకటే ఫిర్యాదు: "ఎంట్రీ స్క్రీన్ చాలా స్లోగా ఉందండీ, ఫాస్ట్ చేయండి." డెవలపర్లు కొలిచి చూస్తే స్క్రీన్ వెంటనే తెరుచుకుంటోంది. ఆఫీసులో కూర్చుంటే ఇది "కస్టమర్ దగ్గర పాత కంప్యూటర్ ఉంది" అని రాసి మూసేసే టికెట్ (నమోదైన ఫిర్యాదు). మేము సీజన్‌లో పొద్దున్నే యార్డుకి వెళ్లి ఒక కొట్టు ముందు నిలబడ్డాం. ఘాటుకి కళ్లవెంట నీళ్లు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒకదాని తర్వాత ఒకటి కాటా మీదికి ఎక్కుతున్నాయి. హమాలీ తూకం గట్టిగా చెబుతున్నాడు, గుమాస్తా నిలబడే చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. పైన రైతు పేరు, ఊరు, రకం (తేజా, 334 సన్నం, బాడిగ), కింద ఒక్కో టిక్కీ తూకం. కంప్యూటర్ ఏమో లోపలి గదిలో ఉంది. తూకాలన్నీ అయ్యాక ఆ పుస్తకం చూసుకుంటూ మొత్తం మళ్లీ కొట్టాలి. ఈలోగా రైతు లెక్క చీటీ కోసం గుమ్మంలో కూర్చుని ఉంటాడు, బయట బండివాడు తొందర పెడుతుంటాడు, లోపల యజమాని గుమాస్తాని కేకలేస్తుంటాడు.

ఆలస్యం స్క్రీన్‌లో లేదు. కాటాకీ కంప్యూటర్‌కీ మధ్య ఉంది. ఆ దూరాన్ని ఏ డెవలపరూ ఆఫీసులో కూర్చుని కొలవలేడు.

అక్కడ కావాల్సింది వేగవంతమైన ఎంట్రీ స్క్రీన్ అసలే కాదని తేలింది. ఫోన్‌లో ఒకే ఒక పేజీ చాలు. రైతు పేరు, రకం మొదట్లో ఒక్కసారి పెడితే సరిపోవాలి. పెద్ద అంకెలు ఉండాలి, ఎందుకంటే చేతులకి దుమ్ము, కళ్లలో మంట. తూకం కొట్టగానే దానంతట అదే తర్వాతి టిక్కీకి పోవాలి. నెట్ లేకపోయినా ఫోన్‌లో దాచుకుని, దొరికాక పంపాలి. ఇంకొకటి, అక్కడ నిలబడితే తప్ప తట్టనిది: తప్పు కొడితే దిద్దుకునే వీలు ఉండాలి గానీ, దిద్దినట్టు తెలియాలి. రైతు ఎదురుగానే ఉంటాడు. అంకె చప్పున మారిపోతే అతనికి కొట్టు మీద నమ్మకం పోతుంది, కొట్టుకి మన మీద పోతుంది. కొత్త తూకం పక్కన పాత తూకం కొట్టేసి కనిపించాలని అక్కడే నిర్ణయమైపోయింది.

జనంతో మాట్లాడటంలో ఒక మెళకువ చెబుతాను, ఇది మన వైపు మరీ అవసరం. "ఇలాంటి ఫీచర్ పెడితే వాడతారా?" అని అడగకండి. మర్యాదకి అందరూ "బాగుంటుందండీ, పెట్టండి" అనే అంటారు. ఇంటికొచ్చిన వాడిని నొప్పించడం మనవాళ్లకి చేతకాదు. దాని బదులు జరిగిపోయినదాని గురించి అడగండి. "పోయిన మంగళవారం సరుకు తిరిగొచ్చినప్పుడు ఏం చేశారు? మొదట ఏ కాగితం తీశారు? ఎవరికి ఫోన్ చేశారు?" భవిష్యత్తు గురించి ఎవరైనా ఏదైనా చెబుతారు. జరిగినదాన్ని చెప్పేటప్పుడు వివరాలు దొర్లుతాయి. ఆ వివరాల్లో ఎక్కడో, "అప్పుడు మాత్రం వాట్సాప్‌లో ఫొటో తీసి ఆడిటర్‌కి పంపిస్తామండీ" లాంటి మాట వస్తుంది. అక్కడ ఆగండి. సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి జనం సొంతంగా చేసుకున్న ఏర్పాటు ఎక్కడ కనిపిస్తే అక్కడ మీకు పని ఉంది.

మీ సీట్లో నుంచే ఇలాంటిది ఒకటి చూసి ఉంటారు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు దాదాపు పోయి 5, 18 మిగిలాయి, కొన్నిటికి 40 పెట్టారు. అదే రోజు దసరా నవరాత్రులు మొదలు, విజయవాడలో బట్టల షాపులకి ఊపిరాడని రోజులు. ఆ వారం మీ ఫోన్లు మోగుతూనే ఉండి ఉంటాయి. బయట నుంచి చూసేవాళ్లకి సమస్య "రేట్లు మార్చడం". అది ఒక రాత్రి పని. కొట్టువాళ్లకి చిక్కు వచ్చింది తిరిగొచ్చిన సరుకుతో. 20వ తేదీన 1,800 రూపాయల రెడీమేడ్ చొక్కా 12 శాతం మీద కొన్నాయన, సైజు సరిపోలేదని 24వ తేదీన తెచ్చాడు. తిరిగి తీసుకున్న చొక్కాకి క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే చీటీ) పాత బిల్లు ప్రకారం 12 శాతం మీదే రాయాలి. బదులు ఇచ్చే చొక్కాకి కొత్త బిల్లు 5 శాతం మీద వేయాలి. మార్పిడిని ఒకే లావాదేవీగా చూసే సాఫ్ట్‌వేర్ అయితే రెండింటికీ ఇవాళ్టి రేటే వేసేస్తుంది. నెలాఖరుకి లెక్క తేడా కొడుతుంది, ఆడిటర్ తల పట్టుకుంటాడు. సెప్టెంబర్ మొదట్లో జీఎస్టీ కౌన్సిల్ ప్రకటన రాగానే కూర్చుని, "రేటు మారే రోజుకి అటూ ఇటూ ఏమేం తిరిగొస్తాయి?" అని ఒక పేజీ రాసిపెట్టగలవాడే ప్రొడక్ట్ మేనేజర్. ఆ పేజీ రాయడానికి కావాల్సిన జ్ఞానం మీ కంపెనీలో అందరికంటే మీ దగ్గరే ఎక్కువ ఉంది. ఈ మాట మిమ్మల్ని ఉబ్బించడానికి అనడం లేదు. షాపువాళ్ల గొంతు రోజూ వినే సీటు మీది ఒక్కటే.

ఇబ్బందిని పట్టుకోవడం సగం. దాన్ని కంపెనీకి ఆదాయం వచ్చే దారితో కలపడం మిగతా సగం. కొత్తవాళ్లు ఈ రెండో సగం మరిచిపోతారు. మన బజార్లలో ఇప్పుడు ప్రతి కొట్లోనూ వినిపించే సౌండ్‌బాక్స్‌నే తీసుకోండి. పేటీఎం మొదలుపెట్టింది, తర్వాత ఫోన్‌పే లాంటివాళ్లూ తెచ్చారు. సాయంత్రం పునుగుల బండి దగ్గర చూడండి. బండాయన చేతులు పిండిలో ఉంటాయి, ఎదురుగా నలుగురైదుగురు ఒకేసారి క్యూఆర్ స్కాన్ చేస్తుంటారు. ప్రతిసారీ చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసి మెసేజ్ చూడటం అయ్యే పని కాదు. పాత స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్ల బెడద ఒకటి. "ఇరవై రూపాయలు వచ్చాయి" అని తెలుగులో పెట్టె చెబితే రెండూ తీరాయి. దీని వెనకున్న లెక్క చూడండి. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతాలోంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద షాపుల దగ్గర ఎండీఆర్, అంటే లావాదేవీ రుసుము, తీసుకునే వీలు లేదు. లావాదేవీ మీద రూపాయి రానప్పుడు, పెట్టెకి నెల అద్దె వస్తుంది. పైగా ఆ పెట్టె ఉన్న కొట్లో ఎంత వ్యాపారం అవుతోందో తెలుస్తుంది, అప్పులిచ్చే సంస్థలతో కలిసి లోన్లు ఇప్పించవచ్చు. బండాయన ఇబ్బంది, కంపెనీ అవసరం ఒకే వస్తువులో కలిశాయి. మీరు వాడే ప్రతి యాప్‌నీ ఈ రెండు ప్రశ్నలతో చూడటం అలవాటు చేసుకోండి: ఇది ఎవరి ఏ కష్టం తీరుస్తోంది, డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది.

తర్వాతది కాదనడం. ఈ ఉద్యోగంలో బయటికి కనిపించని పెద్ద కష్టం ఇదే. ప్రతివాళ్లకీ ఏదో ఒకటి కావాలి. సేల్స్ అబ్బాయి వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ షాపుకి "వచ్చే నెలకల్లా పెట్టేస్తాం సార్" అని మాటిచ్చి వస్తాడు. మన కంపెనీ యజమాని ఎక్కడో ఏదో యాప్ చూసి అది మనకీ కావాలంటాడు. అన్నిటికీ సరే అంటే, ఆర్నెల్లకి ఎవరికీ సరిగ్గా పనికిరాని సాఫ్ట్‌వేర్ మిగులుతుంది. అలాగని పెద్దవాళ్ల ముఖం మీద కాదనడం మనకి అలవాటు లేదు, అలవాటు చేసుకోమని నేను చెప్పను కూడా. నేను చూసిన మంచి ప్రొడక్ట్ మేనేజర్లు "వద్దు" అన్న మాట దాదాపు వాడరు. ఇది చేస్తే ఏది ఆగుతుందో చూపిస్తారు. "సార్, ఇది చేయొచ్చు, మూడు వారాలు పడుతుంది. ఈ మూడు వారాల్లో రిటర్న్ బిల్లుల పని ఆగిపోతుంది. పోయిన నెల సపోర్ట్ కాల్స్‌లో ఎక్కువ భాగం దాని మీదే వచ్చాయి. ఏది ముందు చేద్దాం?" నిర్ణయం ఆయనకే వదిలినట్టు ఉంటుంది, కానీ సాక్ష్యం బల్ల మీద ఉంది కాబట్టి ఊరికే కొట్టిపారేయలేరు. ఈ వాదన గెలవాలంటే కాల్స్ లెక్క నిజంగా మీ దగ్గర ఉండాలి. "చాలామంది అడుగుతున్నారు సార్" అంటే పని జరగదు.

ఏది ముందో తేల్చడానికి కొన్ని పట్టికలు వాడతారు. ఇంటర్‌కామ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ప్రచారంలోకి తెచ్చిన రైస్ (RICE) అనే పద్ధతి ఒకటి: ఎంతమందికి తగులుతుంది, ఎంత మేలు, మనకి ఎంత నమ్మకం, ఎంత శ్రమ. మొదటి మూడూ గుణించి నాలుగోదానితో భాగిస్తారు. నేర్చుకోండి, గంటలో వస్తుంది. కానీ ఆ గడుల్లో వేసే అంకెలు మన ఊహలేనని మరవకండి. చర్చ మొదలుపెట్టడానికి అది బాగుంటుంది. చర్చ ముగించడానికి దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లని ఎక్కువగా నమ్మొద్దు.

అంకెల సంగతికి వద్దాం. ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌లోంచి కావాల్సిన డేటా అడిగి తీసుకునే భాష, తప్పకుండా నేర్చుకోండి. డేటా తీయడానికి ఎవరో ఒకరి చుట్టూ తిరగాల్సిన ప్రొడక్ట్ మేనేజర్ సగం చేతులతో పనిచేస్తున్నట్టే. పట్టికలో కావాల్సినవి ఏరడం, రెండు పట్టికలు కలపడం, గుంపులుగా లెక్కపెట్టడం, ఈ మూడూ వస్తే రోజువారీ అవసరం చాలావరకు తీరుతుంది. సాయంత్రాలు కూర్చుంటే కొన్ని వారాల పని.

అయితే అంకె తీయడం కంటే ఏ అంకె అడగాలో తెలియడం ముఖ్యం. ఒక లెక్క చూడండి, అంకెలు నేను ఊహించి రాసినవే. 1,000 షాపులు యాప్ దింపుకున్నాయి. 600 రిజిస్టర్ అయ్యాయి. 240 మొదటి బిల్లు కొట్టాయి. తర్వాతి నెలలో కూడా బిల్లులు కొడుతున్నవి 90. మీటింగ్‌లో అందరి కళ్లూ మొదటి మెట్టు మీద పడతాయి, 400 మంది అక్కడే పోయారు కాబట్టి. నేనైతే చివరి మెట్టు దగ్గరికి ముందు వెళ్తాను. దింపుకుని వదిలేసినవాళ్లలో చాలామంది ఊరికే చూద్దామని వచ్చినవాళ్లు. బిల్లు కొట్టి మానేసిన 150 మంది మాత్రం కష్టపడి సరుకుల పేర్లు ఎక్కించుకున్నారు, వాడారు, వాడాక వద్దనుకున్నారు. ఆ 150 మందిని షాపు రకం ప్రకారం విడదీయండి. మెడికల్ షాపులే ఎక్కువ అనుకోండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ దగ్గర ఏదో తేడా ఉందని అనుమానం రావాలి. అప్పుడు పదిమందికి ఫోన్ చేయండి. అంకె మీకు ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఎందుకో మనిషే చెబుతాడు.

ఒక హెచ్చరిక కూడా. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం ఉంది, 1975 నాటిది. కొలమానాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే అది మంచి కొలమానంగా మిగలదని దాని భావం. దీన్ని మీకు వివరించక్కర్లేదు. "టికెట్ ఎంత త్వరగా మూశారు" అన్నదాని మీద మార్కులు వేసే సపోర్ట్ టీముల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. టికెట్ మూసుకుంటుంది, సమస్య అలాగే ఉంటుంది, అదే షాపు మర్నాడు కొత్త టికెట్‌తో వస్తుంది. డౌన్‌లోడ్‌లు, రోజువారీ లాగిన్‌లు లాంటి లక్ష్యాలు పెట్టుకున్నా ఇదే తంతు.

కోడింగ్ గురించి. రాయడం రానక్కర్లేదు. వ్యవస్థ లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలియాలి. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకొకదానితో మాట్లాడే దారి) అంటే ఏమిటి, డేటా ఎక్కడ ఉంటుంది, ఏది ఫోన్‌లో జరుగుతుంది, ఏది సర్వర్‌లో జరుగుతుంది, ఒక మార్పు ఎందుకు ఒక రోజు పని, చూడటానికి అలాంటిదే ఇంకొకటి ఎందుకు నెల పని. అన్నిటికంటే ముందు "మధ్యలో ఆగిపోతే?" అని అడిగే అలవాటు ఉండాలి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో యూపీఐతో చెల్లింపు తీసుకుంటున్నారనుకోండి. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయింది, షాపుకి ఇంకా చేరలేదు. బిల్లు ఏ స్థితిలో ఉండాలి? సరుకు ఇచ్చేయాలా? కౌంటర్‌లో అమ్మాయి మళ్లీ బటన్ నొక్కితే రెండోసారి డబ్బు అడగకుండా ఏది ఆపుతుంది? రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ సర్క్యులర్ ప్రకారం, షాపుకి చేసిన యూపీఐ చెల్లింపు ఖరారు కాకపోతే లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల లోపు డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం. ఇది తెలిసిన ప్రొడక్ట్ మేనేజర్ ఆ స్క్రీన్ మీద "ఫెయిల్ అయింది" అని ఒక్క ముక్క పెట్టి వదలరు. కస్టమర్‌కి ఏం చెప్పాలో కౌంటర్‌లో ఉన్నవాళ్లకి తెలుగులో రాసి చూపిస్తారు. డెవలపర్లు మిమ్మల్ని గౌరవించేది ఇలాంటి ప్రశ్నలు ముందే ఆలోచించి తెచ్చినప్పుడు. పని సగమయ్యాక తెస్తే విసుక్కుంటారు, న్యాయమే.

ఏఐ పరికరాలు వచ్చాక నమూనా స్క్రీన్ చేసి చూపించడం ఇప్పుడు డెవలపర్ లేకుండానే అవుతోంది. వాడండి. చేయడం తేలికైన కొద్దీ ఏది చేయాలన్న ప్రశ్న బరువెక్కుతుందని నా అభిప్రాయం. మీకు ఇది మంచికే.

రాయడం గురించి ఎవరూ మీకు గట్టిగా చెప్పరు, నేను చెబుతాను. ఈ ఉద్యోగంలో మీ పేరు నిలిచేది మీరు రాసిన కాగితాల మీదే. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపించి, వాక్యాల్లో రాసిన నోట్ తీసుకురమ్మన్నాడు. ఆరు పేజీలు మించకూడదు, మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా అది చదువుతారు. బుల్లెట్ పాయింట్ల మధ్య ఖాళీల్లో తేలని విషయాలు దాక్కుంటాయి. "కాబట్టి", "అందువల్ల" అని వాక్యం కలపాల్సి వచ్చినప్పుడు ఆలోచనలో చిల్లు బయటపడుతుంది. మీరు రెండు పేజీలతో మొదలుపెట్టండి. ఎవరికి ఇబ్బంది, ఎప్పుడు, ఎంత తరచుగా, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు, మనం ఏం చేయదలిచాం, ఏం చేయదలచలేదు, బాగుపడిందని ఎలా తెలుస్తుంది. ఏం చేయదలచలేదన్న భాగం మర్చిపోకండి, తర్వాత వచ్చే గొడవల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

మనుషులతో నెగ్గుకురావడం గురించి పెద్దగా రాయను. మీ చేతిలో ఎవరి జీతమూ ఉండదు, సెలవూ ఉండదు. డెవలపర్, డిజైనర్, టెస్టర్, సేల్స్, ఎవరూ మీకు రిపోర్ట్ చేయరు, అయినా పని జరగాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు. రిలీజ్ బాగా పోతే పేరు డెవలపర్లకి ఇవ్వండి, మెయిల్‌లో పేర్లు రాసి ఇవ్వండి. తేదీ తప్పితే పైవాళ్ల ముందు మీరే నిలబడండి. ఇంతే.

ఇంగ్లీషు సంగతి దాచకుండా చెబుతాను. కావాలి. డాక్యుమెంట్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, బయటి కంపెనీలో ఇంటర్వ్యూ కూడా అందులోనే. కానీ కావాల్సింది ధారాళమైన ఇంగ్లీషు కాదు, చిన్న వాక్యాల్లో స్పష్టంగా చెప్పగలిగే ఇంగ్లీషు. ముందు మీ రెండు పేజీలూ తెలుగులో ఆలోచించి, తర్వాత ఇంగ్లీషులో రాయండి. రోజుకొక కస్టమర్ సమస్యని ఐదు వాక్యాల్లో రాసి, మర్నాడు మళ్లీ చదివి దిద్దండి. మాట తడబడటం వల్ల ఇంటర్వ్యూలో పోయినవాళ్లని నేను తక్కువగా చూశాను. ధారాళంగా మాట్లాడి విషయం లేక పోయినవాళ్లు చాలామంది. ఇంకొకటి, దేశంలో కొత్తగా యాప్‌లు వాడటం మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు రానివాళ్లే. తెనాలిలో కిరాణా కొట్టాయనతో గంటసేపు ఆయన యాసలో మాట్లాడి, ఆయన దేనికి భయపడుతున్నాడో తెలుసుకురాగలగడం బెంగళూరు ఆఫీసుల్లో అందరికీ ఉన్న శక్తి కాదు. మీ దగ్గర ఉంది.

లక్షన్నర కోర్సు ఇప్పుడు వద్దు. అందులో చెప్పేవి చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ చూసి పిలిచిన కంపెనీని నేను చూడలేదు. ఎంబీఏ వేరే లెక్క. క్యాంపస్‌కి ప్రొడక్ట్ కంపెనీలు వచ్చే పెద్ద కాలేజీలో సీటొస్తే అది ఒక దారి, అక్కడి నుంచి నేరుగా తీసుకుంటారు. క్యాంపస్‌కి ఎవరూ రాని చోట చదివితే రెండేళ్లు, ఫీజు రెండూ పోతాయి. గూగుల్ 2002లో మొదలుపెట్టిన అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ పథకం లాంటివి అప్పుడే చదువు పూర్తయినవాళ్ల కోసం, నాలుగేళ్ల అనుభవం ఉన్న మీకు వర్తించవు. మీకు అన్నిటికంటే నమ్మకమైన దారి మీరున్న కంపెనీలోనే పక్క సీటుకి మారడం.

అది ఇలా మొదలుపెట్టండి. గత మూడు నెలల టికెట్లు ఎక్సెల్‌లోకి దింపండి. సాఫ్ట్‌వేర్ పెట్టిన క్యాటగిరీలు పక్కన పెట్టి, ఒక్కొక్కటీ చదివి మీ సొంత గుంపులు కట్టండి. విసుగు పుట్టే పని, అయినా వేరేవాళ్లకి ఇవ్వకండి. ఎక్కువసార్లు వచ్చిన ఇబ్బందుల్లో, డెవలపర్ రెండు వారాల్లోపు చేయగలిగింది ఒకటి ఎంచుకోండి. ఆ ఇబ్బంది ఉన్న షాపుల్లో కొన్నిటికి స్వయంగా వెళ్లండి. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టుకి, వస్త్రలతలో బట్టల కొట్టుకి, గుంటూరు పట్నం బజార్‌కి. రద్దీ లేని వేళ వెళితే ఏమీ కనిపించదు, కౌంటర్ కిటకిటలాడేటప్పుడు వెళ్లి పక్కన నిలబడండి. తర్వాత ఆ రెండు పేజీలు రాసి, ముందు మీకు చనువున్న డెవలపర్‌కి చూపించండి. ఆయన తప్పులు పట్టాక దిద్ది, అప్పుడు మీ పైవాళ్లకి ఇవ్వండి. ఒప్పుకుని చేయిస్తే, చేశాక ఆ రకం కాల్స్ ఎన్ని తగ్గాయో లెక్క తీసి మరో అరపేజీ రాయండి. ఇలాంటివి రెండో మూడో చేతిలో ఉంటే, మీ కంపెనీలో పదవి ఇవ్వకపోయినా బయట ఇంటర్వ్యూలో మాట్లాడటానికి గట్టి సరుకు ఉంటుంది. "విజయవాడలో రోజుకి ఎన్ని ఇడ్లీలు అమ్ముడవుతాయి" లాంటి అంచనా ప్రశ్నలు కూడా అడుగుతారు. జనాభా ఎంత, అందులో బయట తినేవాళ్లు ఎంతమంది, ప్లేటుకి ఎన్ని అని మెట్టు మెట్టుగా పైకి చెబుతూ ఆలోచించి చూపించడమే వాళ్లకి కావాల్సింది. పది రోజులు సాధన చేస్తే చాలు, నెలల తరబడి దాని మీద కూర్చోకండి.

చివరిగా, బెంగళూరు వెళ్లాలా అన్నది. మొదటి అవకాశం కోసం వెళ్లక్కర్లేదు. పైన చెప్పిన పనంతా ఇక్కడే అవుతుంది, నిజానికి ఇక్కడే బాగా అవుతుంది, ఎందుకంటే మీ కస్టమర్లు రైలు దూరంలో ఉన్నారు. కానీ రెండో ఉద్యోగానికి వెళ్లండి అనే చెబుతాను. మీకంటే అనుభవమున్న ప్రొడక్ట్ మేనేజర్ల పక్కన కూర్చుని, వాళ్లు వాదించే తీరు, రాసిన కాగితాన్ని చీల్చి చెండాడే తీరు చూడటం ఒక రెండు మూడేళ్లు అవసరం. అలాంటి మనుషులు ఇంకా విజయవాడలో గుప్పెడుమందే ఉన్నారు. హైదరాబాద్ అయినా సరిపోతుంది, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉండొచ్చు. ఆఫర్ వచ్చినప్పుడు జీతం కంటే ముందు, మీ పైన ఉండబోయే మనిషి చివరిసారి కస్టమర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లారో అడగండి. సమాధానం వెంటనే, వివరంగా వస్తే చేరండి.